ఒతీలియా ఇంట్లో ట్రాపో

ఒతీలియా ఇంటి నేల మీద విస్తరి లేకుండా అన్నం పెట్టుకుని తినొచ్చని మా మతాన్సాస్ ఊళ్ళోని వెర్సాయెస్ పేటలో అందరూ అనేవారు. నలుపూ తెలుపూ పలకల నేల అది, వాళ్ళ తాత వేయించింది. పొద్దున్నే లేచి, కాఫీ పొయ్యి మీద పెట్టకముందే, ఆ నేల మొత్తం తుడిచేది ఆమె. మా పేటకు నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. రానిరోజు మిగతావాళ్ళం తుడవడం మానుకుంటాం. ఒతీలియా స్నానం మానుకునేది.

వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఒకప్పుడు ఒకే ఇల్లు. నడుమ గోడ కట్టి రెండు చేశారు గానీ వెనక పెరడు మాత్రం పంచలేదు. అందులో బట్టలుతికే తొట్టి, నీళ్ళ ట్యాంకు, ఒక జామచెట్టు ఉన్నాయి. నేను రొట్టెల దుకాణంలో పని చేసి వచ్చి ఆ పెరట్లో కూర్చుంటే వాళ్ళ వంటింట్లో మాటలన్నీ వినిపించేవి. అందుకే ఈ కథలో నేను చూడనిది తక్కువ.

ఒతీలియా మతాన్సాస్‌లోని కిత్తనార తాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. ఆమె అరచేతులు కూడా తాళ్ళలాగే ఉండేవి. పెళ్ళి చేసుకోలేదు. ఒక లారీ డ్రైవరు కొన్నాళ్ళు వచ్చిపోతుండేవాడని, బూట్లు విప్పకుండా ఇంట్లోకి నడిచినందుకు అతన్ని రావద్దందని చెప్పుకుంటారు. అడిగితే కాదని చెప్పేది కాదు.

ఆమె చెల్లెలు సొరాయిదా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరు. ఊళ్ళో సగంమందికి ఆమె మొహం తెలియదు గానీ గొంతు తెలుసు. దుకాణంలో ఏదైనా అడిగితే చాలు, వెనక నిలబడ్డవాళ్ళు "మీరు టెలిఫోన్ అమ్మాయి కదూ" అనేవారు. పెళ్ళి చేసుకుని దూరాన కమగ్వేయ్ ఊరు వెళ్ళి, మొగుడు ఇంకో ఆమెతో కాపురం పెట్టాక ఒక పెట్టెతో అక్క దగ్గరికే తిరిగి వచ్చింది. పిల్లలు లేరు.

సొరాయిదాకి చిన్నప్పటినుంచీ కుక్క కావాలి. వాళ్ళమ్మ వద్దంది. అమ్మ పోయాక ఒతీలియా వద్దంది.

"ఒక్కటంటే ఒక్కటి, అక్కా. చిన్నది."

"చిన్నది చిన్నగా ఉచ్చ పోస్తుందా?"

ఈ రెండు మాటలూ నేను ఎన్నిసార్లు విన్నానో. సొరాయిదా నవ్వేసి ఊరుకునేది. వీధి కుక్కలకు గేటు బయట నిలబడి మిగిలిన అన్నం పెట్టేది. లోపలికి వచ్చేముందు తొట్టి దగ్గర చేతులు కడుక్కునేది, అక్క చూసేలా.

అరవైకి దగ్గరపడుతున్న ఏడు సొరాయిదా కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లనుకున్నాం. పేట క్లినిక్‌లోని డాక్టరమ్మ పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ లివర్లో గడ్డ ఉందని, కోయడానికి వీల్లేని చోట ఉందని చెప్పారు. అక్కాచెల్లెళ్ళు ఇంటికి తిరిగొచ్చి తలుపు వేసుకున్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒతీలియా మంగలి ఉబాల్దో ఇంటికి వెళ్ళింది. ఉబాల్దో దగ్గర బిచోన్ జాతి ఆడకుక్క ఒకటి ఉండేది. మా ద్వీపం కుక్కలవి, పట్టులాంటి జుట్టుతో ఒళ్ళో పట్టేంతే పెరుగుతాయి. అది అప్పటికి ఈని రెండు నెలలు కావస్తోంది. ఒతీలియా గుమ్మంలో నిలబడితే ఉబాల్దో కత్తెర చేతిలో పట్టుకుని అలాగే చూశాడట.

"ఏంటక్కా, జుట్టు కత్తిరించాలా?"

"కుక్కపిల్ల కావాలి."

"ఎవరికి?"

"ఎవరికైతే నీకెందుకు. తక్కువ ఉచ్చ పోసేది ఇవ్వు."

గోధుమరంగు పిల్లనొకదాన్ని తల్లి పడుకున్న గుడ్డముక్కతో సహా కూరల సంచీలో పెట్టుకుని తెచ్చింది. నేను పెరట్లోనే ఉన్నాను. సొరాయిదా ఊగుడు కుర్చీలో కూర్చుని జామచెట్టుకేసి చూస్తోంది. ఒతీలియా సంచీ ముందు పెట్టి, "నీకే" అంది. పిల్ల తల బయటపెట్టింది.

సొరాయిదా రెండు చేతులూ ముందుకు చాచింది. చాచి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది. మొహం తెల్లబోయింది.

"కింద వదులు అక్కా, తిరుగుతుంది" అంది.

కింద వదలగానే అది వంటింటి గడప దాటి లోపలికి పోయి ఒక తెల్లపలక మీద కూర్చుని పోసేసింది. ఒతీలియా దానికేసి చూసింది, చెల్లెలికేసి చూసింది, వెళ్ళి గుడ్డా బకెట్టూ తెచ్చింది.

"అరవలేదే నువ్వు" అంది సొరాయిదా.

"అరిస్తే దానికి అర్థమవుతుందా."

సొరాయిదా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆసుపత్రినుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

మర్నాటినుంచి పిల్లకి చదువు మొదలైంది. చెప్పేది సొరాయిదా, కుర్చీలోంచి. చేసేది ఒతీలియా.

"అక్కా, లేచింది. ఎత్తుకెళ్ళు, ఎత్తుకెళ్ళు. నడిపించకు, దారిలోనే పోసేస్తుంది."

"నా నడుం పోతోందే."

"జామచెట్టు మొదట్లో దింపు. ఎప్పుడూ అక్కడే. చోటు మారిస్తే దానికి తెలియదు. మాట్లాడకు దానితో, ఆటనుకుంటుంది. ఊరికే నిలబడు."

ఫ్యాక్టరీలో నలభైమందిని అదిలించిన మనిషి జామచెట్టు కింద గొడుగు పట్టుకుని, పిడికెడు కుక్క ఎప్పుడు కూర్చుంటుందా అని కాపలా కాసేది. అది కూర్చుని లేవగానే సొరాయిదా, "ఇప్పుడు మెచ్చుకో. ఇప్పుడే. లోపలికొచ్చాక మెచ్చుకుంటే దేనికో తెలియదు" అనేది.

"ఏమని మెచ్చుకోవాలి దీన్ని, ఉచ్చ పోసినందుకు?"

"ఏదో ఒకటి అను."

"బాగా పోశావు, కామ్రేడ్" అనేది ఒతీలియా కుక్కపిల్లతో. నేను నవ్వాపుకోలేక లోపలికి పోయేదాన్ని.

పడుకుని లేస్తే పెరట్లోకి, తింటే పెరట్లోకి, ఆడి ఆగితే పెరట్లోకి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే ఉన్నపళంగా పెరట్లోకి. ఇంట్లో పోస్తే తిట్టకూడదు, ముక్కు దాంట్లో రాయకూడదు, వెనిగరు నీళ్ళతో వాసన పోయేదాకా తుడవాలి. చిన్నజాతి కుక్క, చిన్న తిత్తి, ఎక్కువసేపు ఆపుకోలేదు పాపం అని సొరాయిదా వెనకేసుకొచ్చేది. ఈ సంగతులన్నీ ఎక్స్‌ఛేంజీలో పనిచేసేప్పుడు కుక్కలున్న తోటివాళ్ళని అడిగి తెలుసుకుందట. లేని కుక్క కోసం అన్నేళ్ళు దాచుకున్న విద్య అది.

పేరు కూడా అక్కనే పెట్టమంది. ఒతీలియా పెట్టనంది. చాలారోజులు "ఏయ్" అనే పిలిచింది. చివరికి ఒకరోజు దాని వెనకాలే తుడుచుకుంటూ వస్తూ విసుగొచ్చి, "నేల తుడిచే గుడ్డకీ నీకూ తేడా లేదు" అని ట్రాపో అంది. మా భాషలో తుడిచే గుడ్డని అలాగే అంటాం. ఆ పేరే నిలిచిపోయింది.

అంతా బాగానే ఉందిగానీ ఒక్కటి నాకు వింతగా తోచేది. సొరాయిదా ఆ పిల్లని ముట్టుకునేది కాదు. పడుకునే అట్టపెట్టె ఒతీలియా మంచం పక్కనే పెట్టించింది. "నీ కుక్క, నీ గదిలో పెట్టుకో" అంటే "నాకు నిద్ర పట్టదు అక్కా" అంది. మొదటి రాత్రులు అది తల్లి కోసం ఏడుస్తుంటే ఒతీలియానే మంచం మీంచి చెయ్యి కిందికి వేలాడేసి పడుకునేది. తిండి ఒతీలియా చేతి మీదుగానే పెట్టాలి. అది వచ్చి చెప్పు కొరకబోతే సొరాయిదా కాలు పైకి తీసుకునేది. వెనక్కాళ్ళ మీద నిలబడి కుర్చీ గీరితే, "అక్కా, దీన్ని తీసుకో" అనేది. జబ్బుమనిషి కదా, వాసన పడటం లేదేమో అనుకున్నాను.

ఒతీలియా అలా అనుకోలేదు. ఆమె మనసు నొచ్చుకుంది. పైకి అనేది కాదుగానీ గిన్నెల చప్పుడులో తెలిసేది.

ఒక ఆదివారం ట్రాపో తనంతట తానే పెరటి తలుపు దగ్గరికి పోయి ముందుకాలితో గీరింది. ఒతీలియా తలుపు తీసింది. అది తిన్నగా జామచెట్టు దగ్గరికి పోయి పని కానిచ్చుకుని వచ్చింది. ఒతీలియా మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. దాన్ని ఎత్తుకుని పరుగులాంటి నడకతో వెళ్ళి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"చూశావా? చూశావా, అడిగింది!"

సొరాయిదా దాని చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. ఒక క్షణం అలాగే ఉంచుకుంది. తర్వాత వంగి కింద దింపేసింది. అది మళ్ళీ ఎక్కబోతే మోకాలు అడ్డం పెట్టింది. పిల్ల కుయ్యిమంది.

ఒతీలియా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీకసలు ఏం కావాలే? బతుకంతా కుక్క కుక్క అని నా ప్రాణం తోడావు. తెచ్చాను. తుడుస్తున్నాను. ఎత్తుకు తిరుగుతున్నాను. నువ్వేమో అంటరానిదాన్ని చూసినట్టు చూస్తావు. ఇష్టం లేకపోతే చెప్పు, ఇప్పుడే ఉబాల్దోకి ఇచ్చేసి వస్తాను."

"అదే కదా నా భయం" అంది సొరాయిదా.

"ఏది?"

"ఇచ్చేస్తావని. నేను పోయాక అది నా కుర్చీ కింద పడుకుని ఏడిస్తే నువ్వు చూడలేవు. ఇచ్చేస్తావు. నిన్ను నేనెరగనా అక్కా."

"నువ్వెక్కడికీ పోవు."

"అక్కా."

ఒతీలియా నడుం మీది చేతులు దించేసింది.

"అది నిన్నే వెతుక్కోవాలి" అంది సొరాయిదా, ఫోనులో నంబరు చెప్పినంత నెమ్మదిగా. "నువ్వు బజారుకెళితే తలుపు దగ్గర నీకోసమే కూర్చోవాలి. నాకోసం కాదు. ఈ ఇంట్లో నువ్వొక్కదానివే గోడలు చూసుకుంటూ ఉంటావంటే నాకు పోవాలనిపించదు."

"మరి నీకు?" అంది ఒతీలియా. "ఇన్నేళ్ళు అడిగావు కదే."

"చూస్తున్నాగా రోజూ."

ఒతీలియా తొట్టి దగ్గరికి వచ్చి ఉతికిన గుడ్డనే మళ్ళీ ఉతకడం మొదలుపెట్టింది. నేను దగ్గరికి వెళ్ళబోతే తలెత్తకుండానే వద్దని చెయ్యి ఊపింది.

ఆ రోజు తర్వాత ఆమె చెల్లెలు చెప్పినట్టే నడుచుకుంది. ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వానలు మొదలయ్యేసరికి సొరాయిదా మంచం పట్టింది. గది గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క పెట్టించింది. ట్రాపో దాటలేనంత ఎత్తు, మంచం మీంచి దాన్ని చూడగలిగేంత ఎత్తు. అది చెక్క మీద గడ్డం ఆనించి నిలబడేది. సొరాయిదా దాన్ని పిలిచేది కాదు. అక్కతోనే దాని గురించి మాట్లాడేది. చెవి వెనక జుట్టు చిక్కుపడింది చూడు, ఉబాల్దో చేత కత్తిరించు అని. అన్నంలో ఉప్పు వెయ్యకు అని. మాట్లాడుతున్నంతసేపూ ఆమె కళ్ళు చెక్క మీదే ఉండేవి.

ఒక పొద్దున నేను రొట్టె ఇవ్వడానికి వెళితే సొరాయిదా గోడవైపు తిరిగి ఏడుస్తోంది. దుప్పటి తడిపేసుకుంది. అంత శుభ్రమైన ఇంట్లో అక్క చేత ఆ పని చేయించుకోవాల్సి వచ్చిందని సిగ్గుపడిపోతోంది. ఒతీలియా బకెట్టు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"ఇటు తిరుగు. కుక్కపిల్లనే కొట్టలేదు, నిన్ను కొడతానా?"

సొరాయిదా తిరగలేదు.

"నీళ్ళొచ్చేరోజు చూసుకునే చేశావు. దానికంటే నీకే తెలివుంది."

సొరాయిదా భుజాలు కదిలాయి. ఏడుపనుకున్నాను. నవ్వుతోంది. ఏడుస్తూనే నవ్వుతోంది. ఒతీలియా ఆమెను పిల్లని తిప్పినట్టు తిప్పి, తుడిచి, పొడి గౌను తొడిగి, ముంగురులు సర్దింది. నేను రొట్టె బల్ల మీద పెట్టి వచ్చేశాను.

అక్టోబరులో, వాన పడుతున్న మధ్యాహ్నం, నేను మంచం పక్కన కూర్చుని విసురుతున్నాను. కరెంటు లేదు. వంటింటివైపునుంచి తలుపు గీరిన చప్పుడు, ఒతీలియా చెప్పుల చప్పుడు వినిపించాయి. సొరాయిదా కళ్ళు తెరిచింది.

"ఎక్కడికెళ్ళారు?"

"పెరట్లోకి. ట్రాపో అడిగింది."

"వానలో కూడానా?"

"వానలో కూడా."

"మంచిది" అంది. ఒతీలియా జుట్టంతా తడిసి, కుక్కని గౌనులో చుట్టుకుని లోపలికి వచ్చేసరికి సొరాయిదాకి స్పృహ లేదు. చీకటి పడేలోపు ఊపిరి ఆగిపోయింది.

ఎక్స్‌ఛేంజీలో ఆమెతో పనిచేసినవాళ్ళంతా వచ్చారు. బురదచెప్పులతో జనం ఇల్లంతా తిరిగారు. ఆ గలాటాలో ట్రాపో బెదిరి, నేర్చుకున్నదంతా మరిచిపోయి మూలమూలనా పోసింది. సమాధుల తోటనుంచి తిరిగి వచ్చాక ఒతీలియా వంటింట్లో కూర్చుంది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే నేల మీద అడుగులన్నీ అలాగే ఎండిపోయి ఉన్నాయి. ఆ మర్నాడు కూడా. ఆమె చేతికి గుడ్డ ఇవ్వాలో, నేనే తుడవాలో తెలియక నిలబడిపోయాను.

"మిగ్దాలియా, దీన్ని నువ్వు ఉంచుకో" అంది ఆమె.

"ఎందుకక్కా?"

"దాని కళ్ళలోకి చూస్తే చెల్లెలు మోకాలు అడ్డం పెట్టడమే కనిపిస్తోంది నాకు."

వాదించే సమయం కాదని ట్రాపోను మా ఇంటికి తెచ్చుకున్నాను. అన్నం ముట్టలేదు. నా పడకగదిలో పోసింది, సోఫా కింద పోసింది. తక్కిన సమయమంతా పెరట్లో, ఒతీలియా వంటింటి తలుపుకి ఎదురుగా కూర్చుంది. వాన వచ్చినా కదల్లేదు. ఎత్తి లోపలికి తెస్తే మళ్ళీ అక్కడికే. సన్నగా, ఆగకుండా మూలిగేది. తలుపు వెనకనున్న మనిషికి అది వినిపిస్తోందని నాకు తెలుసు. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

తర్వాత ఒక పొద్దున ఒతీలియా రొట్టె కోసం వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్ళింది. తిరిగొస్తూ, తాళంచెవి మరిచిపోయినందుకు పక్కసందులోంచి పెరట్లోకి వచ్చింది. చెప్పుల చప్పుడు వినగానే ట్రాపో లేచింది. ఎటు పరిగెత్తాలో తెలియనట్టు ఒకసారి గిరగిరా తిరిగి, పోయి ఆమె కాళ్ళ మీద పడింది. సంతోషం పట్టలేక అక్కడే, ఆమె చెప్పుల మీదే పోసేసింది.

ఒతీలియా కదల్లేదు. చేతిలో రొట్టె సంచీ అలాగే ఉంది.

"సిగ్గులేనోడా" అంది. వంగి ఎత్తుకుంది. అది ఆమె గడ్డమంతా నాకుతోంది.

"సొరాయిదా అన్నట్టే అయిందక్కా. నీకోసమే కూర్చుంది" అన్నాను నేను, ఓదార్పవుతుందనుకుని.

"అవును" అంది. తొట్టి గట్టు మీద కూర్చుంది. "నాకోసమే కూర్చుంది. దీనికి సొరాయిదా ఎవరో తెలియదు. అది పోయిన మర్నాడే ఇది ఆ గది ముందునుంచి పోయింది, లోపలికి తొంగి కూడా చూడలేదు. కుక్కలు బెంగపెట్టుకుని చస్తాయంటారు కదే. దీని చేత ఒక్క కన్నీటిచుక్క కూడా పెట్టించుకోకుండా పోయింది నా పిచ్చిది."

శవం లేచేటప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. కుక్కని గుండెకదుముకుని, నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి మొహం తుడుచుకుని, "ఎక్కడెక్కడ పోసింది నీ ఇంట్లో?" అని అడిగి, వెనిగరు సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

తర్వాత తర్వాత ఆమె ఒక పని చేసింది. చెల్లెలి కుర్చీ పెరట్లోకి ఈడ్చి, దాని మీద చేపవడ ముక్క పెట్టి, "ఎక్కు, ట్రాపో. ఇప్పుడు పరవాలేదు, ఎక్కు" అని పిలిచింది. అది ఎక్కలేదు. ముక్కకేసి చూసింది, ఆమెకేసి చూసింది, దూరంగా కూర్చుంది. ఆమె కుర్చీ మీద తట్టి, బతిమాలి, చివరికి ముక్క చేతిలోకి తీసుకుని కిందే పెట్టింది. బాగా నేర్చుకున్న కుక్క అది.

ఇప్పుడు ఒతీలియాకి డెబ్బై దాటాయి. ట్రాపో ఆమె మంచం మీదే పడుకుంటుంది. ఎండ తగ్గాక ఇద్దరూ సముద్రం ఒడ్డున కట్టిన గోడ దాకా నడిచి వస్తారు. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళు ఆ పట్టుజుట్టు చూసి ఆగుతారు, ముద్దుగా ఉందంటారు, మీదేనా అని అడుగుతారు.

"మా చెల్లెలిది" అంటుంది.

ఆవిడ రాలేదా అని ఎవరైనా అంటే మాత్రం వంగి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా ట్రాపోను ఎత్తుకుని ముందుకు నడుస్తుంది.